బ్రిటన్‌లో పిస్టల్ షూటింగ్ చెయ్యాలంటే ఏది కొనాలి: నైట్రో కన్వర్షనా, బ్లాక్ పౌడర్ రివాల్వరా, లాంగ్ బ్యారెలా?

బ్రిటన్‌కి వచ్చి నాలుగు డబ్బులు చేతిలో ఆడాక రేంజ్‌కి వెళ్దాం, పిస్టల్ పట్టుకుందాం అనుకునే మనవాళ్ళు చాలామందే ఉన్నారు. వాళ్ళందరికీ మొదట తెలిసేది ఒకటే, ఇక్కడ మామూలు పిస్టల్ గానీ రివాల్వర్ గానీ పెట్టుకోడానికి లేదు. పారిస్ 2024లో మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 25 మీటర్ల పిస్టల్ ఆడింది కదా, ఆ .22 పిస్టల్ (గొట్టం వెడల్పు 0.22 అంగుళం) ఇంగ్లండ్‌లో మీరో నేనో కొనుక్కుందామంటే కుదరదు. తర్వాత ఎవరో చెప్తారు, "మజిల్ లోడర్, అంటే ముందు వైపు నుంచి మందు దట్టించేది, అయితే ఓకే బాస్, టారస్ రివాల్వర్‌ని మజిల్ లోడింగ్‌గా మార్చి అమ్ముతారు, అచ్చం అసలుదే" అని. ఇంక అక్కడ్నుంచి ఆ కన్వర్షన్ (పొగ రాని కొత్తకాలం మందు, అంటే నైట్రో పౌడర్, వాడేది కాబట్టి నైట్రో కన్వర్షన్) మీదే మనసు పడిపోతుంది. నేను చెప్పేదల్లా, దాని మీద డబ్బు పెట్టేముందు మిగతావి కూడా పక్కన పెట్టి చూడండి, ఎందుకంటే కన్వర్షన్ తీర్చే ఇబ్బంది ఒకటైతే జనం అది తీరుస్తుందనుకునేది ఇంకొకటి.

ముందు చట్టం సంగతి, ఇది దాటకుండా ముందుకెళ్ళలేం

1996 మార్చి 13న స్కాట్లాండ్‌లోని డన్‌బ్లేన్ స్కూల్లో ఒకడు పిస్టళ్ళతో దూరి 16 మంది పసిపిల్లల్నీ వాళ్ళ టీచర్‌నీ చంపేశాడు. దాని తర్వాత 1997లో రెండు చట్టాలు వచ్చాయి, మొదటిది .22 కంటే పెద్దవాటిని ఆపింది, అదే ఏడాది వచ్చిన రెండోది .22ని కూడా కలిపేసింది. అప్పట్నుంచి బ్యారెల్ 30 సెంటీమీటర్ల కంటే తక్కువున్నా, మొత్తం పొడవు 60 సెంటీమీటర్ల కంటే తక్కువున్నా ఆ తుపాకీ నిషేధం కిందకి పోతుంది. అయితే ఆ రూల్లోనే కొన్నిటిని వదిలేశారు: ఎయిర్ గన్‌లు, సిగ్నల్ తుపాకీలు, మజిల్ లోడింగ్ తుపాకీలు.

మజిల్ లోడింగ్ అంటే మనకి కొత్తేం కాదు. తెలుగు పేపర్లలో భర్మార్ తుపాకీ, నాటు తుపాకీ అని చదువుతుంటాం కదా, గొట్టం మూతిలోంచి మందు పోసి గుండు వేసి దట్టించి పేల్చేది, పద్ధతి అదే. రివాల్వర్‌లో అయితే గొట్టం బదులు సిలిండర్‌లోని ఒక్కో ఛాంబర్ ముందు వైపు నుంచి విడి మందు, విడి గుండు వేసి దట్టించాలి. అలా లోడ్ చెయ్యడానికే డిజైన్ చేసినదైతే పొట్టిగా ఉన్నా పర్లేదు, కాకపోతే ఎఫ్‌ఏసీ, అంటే పోలీసులిచ్చే ఫైర్‌ఆర్మ్ సర్టిఫికెట్, తప్పనిసరి.

ఇక్కడే ఒక మాట గట్టిగా చెప్పాలి. కన్వర్షన్ అనే పేరు చూసి ఎక్కడో ఒక రివాల్వర్ సంపాదించి లేత్ ఉన్న ఫ్రెండ్‌తో మార్పించుకోవచ్చు అనుకుంటే జైలుకే. మార్చకముందు ఆ రివాల్వర్ నిషేధిత ఆయుధం, దాన్ని దగ్గర పెట్టుకున్నందుకే పెద్దవాళ్ళకి కనీసం 5 ఏళ్ళ శిక్ష ఉంది, జడ్జి దయ తలిచి తగ్గించే వీలు కూడా దాదాపు ఉండదు. ఆ పని చేసేవాళ్ళకి ప్రత్యేక అనుమతులు ఉంటాయి, మార్చిన తుపాకీ లండన్ లేదా బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్‌లో టెస్ట్ అయ్యి ముద్ర పడాలి. మనం కొనేది పని పూర్తయిన తుపాకీని, అదీ మన సర్టిఫికెట్ మీద స్లాట్, అంటే ఆ రకం తుపాకీకి అనుమతి, వచ్చాకే. కాబట్టి ఇది ఏది కొనాలో చెప్పే గైడ్, ఎలా మార్చాలో చెప్పేది కాదు.

ఏం చూసి ఎంచుకోవాలి

జనం మొదట చూసేది లుక్కు, రెండోది ధర. నా లెక్కలో ఆ రెండూ చివర్న రావాలి. మొదట చూడాల్సింది మీ రేంజ్. మీ క్లబ్‌కి హోమ్ ఆఫీస్ ఇచ్చిన అప్రూవల్‌లో మజిల్ లోడింగ్ పిస్టల్ ఉందా? రైఫిల్‌కి మాత్రమే అప్రూవల్ ఉన్న క్లబ్బులు బోలెడు. ఉన్నా, రేంజ్ ఇండోరా అవుట్‌డోరా? ఇండోర్ అయితే బ్లాక్ పౌడర్ (పాతకాలం నల్ల తుపాకీ మందు) పొగకి చాలాచోట్ల నో అంటారు, ఆ పొగ మామూలుగా ఉండదు, అయిదారు మంది వరసగా పేలిస్తే టార్గెట్ కనపడదు.

రెండోది టైమ్, కానీ ఇందులో రెండు రకాల టైమ్ ఉంది, ఇది కలిపేస్తేనే తప్పు ఎంపిక జరుగుతుంది. రేంజ్‌లో లోడింగ్‌కి పోయే టైమ్ వేరు, ఇంటికొచ్చాక క్లీనింగ్‌కి పోయే టైమ్ వేరు. మూడోది కాగితాలు, అంటే ఎఫ్‌ఏసీ ఒక్కటి చాలా, దానితో పాటు ఎక్స్‌ప్లోజివ్స్ సర్టిఫికెట్ కూడా కావాలా అనేది. నాలుగోది పోటీలు, మీరు ఆడదామనుకునే మ్యాచ్‌లో ఆ తుపాకీని రానిస్తారా లేదా. ఐదోది చేతిలో ఎలా ఉంటుంది, పొట్టి పిస్టల్ బ్యాలెన్సే కావాలా లేక పేపర్ మీద గ్రూప్ పడితే, అంటే గుళ్ళన్నీ దగ్గరదగ్గరగా పడితే, చాలా. ధర ఆరోది.

ముందు టేబుల్ ఇచ్చేస్తా, ఓపిక లేనివాళ్ళు ఇది చూసుకోండి, కానీ అసలు విషయం కింద ఉంది.

| రకం | కాగితాలు | రేంజ్‌లో లోడింగ్ | ఇంట్లో క్లీనింగ్ | ఇండోర్ రేంజ్ | చేతిలో ఫీల్ | ఖర్చు |
|---|---|---|---|---|---|---|
| నైట్రో కన్వర్షన్ రివాల్వర్ | ఎఫ్‌ఏసీ | నిదానం | తేలిక | సాధారణంగా ఓకే | అసలు రివాల్వరే | బాగా ఎక్కువ |
| బ్లాక్ పౌడర్ రివాల్వర్ | ఎఫ్‌ఏసీ, మందుకి ఎక్స్‌ప్లోజివ్స్ సర్టిఫికెట్ | నిదానం | అదే రోజు, తప్పదు | చాలాచోట్ల కష్టం | పాతకాలం బరువు | తక్కువ |
| సింగిల్ షాట్ పెర్కషన్ పిస్టల్ | పైదే | ఒక్కో గుండు | అదే రోజు | అదే కష్టం | టార్గెట్‌కి చాలా బాగుంటుంది | మధ్యస్థం నుంచి ఎక్కువ |
| లాంగ్ బ్యారెల్ రివాల్వర్ | ఎఫ్‌ఏసీ | స్పీడ్ | తేలిక | ఓకే, రేంజ్ ఎంత పవర్‌ని ఒప్పుకుంటుందో చూడాలి | ముందు బరువు, వెనక కమ్మీ | ఎక్కువ |
| .22 లాంగ్ బ్యారెల్ పిస్టల్ | ఎఫ్‌ఏసీ | చాలా స్పీడ్ | తేలిక | ఓకే | అలవాటు కావాలి | మధ్యస్థం |
| ఎయిర్ పిస్టల్ | ఇంగ్లండ్, వేల్స్‌లో ఏమీ లేదు | స్పీడ్ | దాదాపు లేదు | ఓకే | మ్యాచ్ పిస్టల్ | రెండు కొసలూ ఉన్నాయి |

నైట్రో కన్వర్షన్

ఈ రంగంలో ఎక్కువ వినపడే పేరు వెస్ట్‌లేక్, వాళ్ళు టారస్ రివాల్వర్ల మీద చేసినవే క్లబ్బుల్లో ఎక్కువ కనిపిస్తాయి. ఫ్రేమ్, ట్రిగ్గర్, సైట్లు అన్నీ కొత్తకాలంవే, డబుల్ యాక్షన్ (ట్రిగ్గర్ నొక్కితేనే హ్యామర్ లేచి పడటం) పనిచేస్తుంది, వెనక సైట్‌ని స్క్రూతో అడ్జస్ట్ చేసుకోవచ్చు. తేడా అంతా సిలిండర్‌లోనే, వెనక నుంచి కార్ట్రిడ్జ్ దూరే దారి ఉండదు, ఛాంబర్లు ముందుకి మాత్రమే తెరిచి ఉంటాయి, వెనక షాట్‌గన్ 209 ప్రైమర్ (మందుకి నిప్పంటించే చిన్న గుళిక) పట్టేంత చోటు ఉంటుంది. అంటే సిలిండర్ బయటికి తీసి, స్టాండ్ మీద పెట్టి, ఒక్కో ఛాంబర్‌లో కొలిచిన నైట్రో పౌడర్ పోసి, లెడ్ బుల్లెట్ పెట్టి లివర్‌తో నొక్కి, ప్రైమర్లు పెట్టి, మళ్ళీ తుపాకీలో బిగించాలి. ఆరు గుళ్ళు పేల్చడానికి అర నిమిషం, తర్వాత ఇదంతా మళ్ళీ మొదట్నుంచి.

ఇప్పుడు అర్థమైందా నేనేమంటున్నానో? కన్వర్షన్ మీకు ఇంటి దగ్గర టైమ్ మిగులుస్తుంది, రేంజ్‌లో కాదు. పొగ ఉండదు, తుప్పు భయం ఉండదు, రెండు ప్యాచ్‌లు నూనె రాసి తుడిస్తే అయిపోతుంది, ఎక్స్‌ప్లోజివ్స్ సర్టిఫికెట్ గోల లేదు ఎందుకంటే నైట్రో పౌడర్‌కి అది అక్కర్లేదు, ఇండోర్ రేంజ్‌లో పక్కవాళ్ళు తిట్టుకోరు. కానీ లోడింగ్ మాత్రం 1860లలో మనుషులు చేసిన పనే. పాత రోజుల్లా టకటకా ఆరు గుళ్ళు, ఖాళీ చెయ్యి, మళ్ళీ ఆరు, అలా షూటింగ్ చేద్దామని కొన్నవాళ్ళు కొంతకాలానికి అమ్మకానికి పెట్టేస్తుంటారు. సెకండ్ హ్యాండ్‌లో నీట్‌గా, పెద్దగా వాడనివి దొరకడానికి కారణం ఇదేనని నా అనుమానం.

కన్వర్షన్‌కి మందు కట్టు, అంటే ఒక్కో షాట్‌కి వేసే మందు, చిన్నది, ఛాంబర్‌లో అడుగున కొంచెం మాత్రమే ఉంటుంది. అదే ప్రమాదం కూడా. మాటల్లో పడి ఒక ఛాంబర్‌కి రెండుసార్లు పోసినా పైకి తెలీదు, ఖాళీ మిగిలే ఉంటుంది కాబట్టి బుల్లెట్ కూర్చుంటుంది, పేలినప్పుడు తెలుస్తుంది. బ్లాక్ పౌడర్ కట్టు ఛాంబర్‌లో చాలా చోటు తీసుకుంటుంది కాబట్టి రెండోసారి పోస్తే గుండుకి చోటు మిగలదు, ఆ రక్షణ ఇక్కడ లేదు. అందుకే ఇంట్లోనే ఒక్కో కట్టు చిన్న ట్యూబుల్లో కొలిచి పెట్టుకుని, రేంజ్‌లో ఒక ట్యూబ్ ఖాళీ అయితే ఒక ఛాంబర్ నిండినట్టు అని లెక్క పెట్టుకునేవాళ్ళే నాకు సేఫ్‌గా కనిపిస్తారు. కట్టు ఎంత, ఏ పౌడర్ అనేది తయారీదారు కాగితం మీద రాసిందే ఫైనల్, పక్క లైన్ అంకుల్ చెప్పింది కాదు.

స్పీడ్ కోసం రెండో సిలిండర్ కొందామని అందరికీ వస్తుంది ఆలోచన. కొనొచ్చు, కానీ సిలిండర్ కూడా చట్టం లెక్కలో తుపాకీ భాగమే, దానికి కూడా సర్టిఫికెట్ మీద విడిగా చోటు అడగాలి. ఇంకోటి, లోడ్ చేసిన సిలిండర్ సంచిలో వేసుకుని ఇంటి నుంచి తేవడం లాంటివి ఏ క్లబ్ ఒప్పుకోదు.

పోటీల సంగతి. మజిల్ లోడర్ల అంతర్జాతీయ సంస్థ ఎంఎల్‌ఏఐసీ 1971 నుంచి ఉంది, వాళ్ళ మ్యాచ్‌లు అసలు పాత తుపాకీలకీ వాటి నిజమైన రెప్లికాలకీ మాత్రమే. కన్వర్షన్‌కి అక్కడ తలుపు మూసే ఉంటుంది. క్లబ్ లెవెల్ మ్యాచ్‌లు, కొన్ని గ్యాలరీ పోటీల్లో (టైమ్ పెట్టి ఆడేవి) చోటు దొరకొచ్చు, ముందు రూల్ పుస్తకం చూసుకోండి.

బ్లాక్ పౌడర్ రివాల్వర్

నేను మొదటి మజిల్ లోడర్ కొనేవాళ్ళకి పదిమందిలో ఎనిమిది మందికి ఇదే చెప్తా, అవుట్‌డోర్ రేంజ్ ఉంటే. ఇటలీ కంపెనీలు ఉబెర్టీ, పియెట్టా చేసేవే మార్కెట్ నిండా ఉన్నాయి. అందులో మళ్ళీ రెండు కుటుంబాలు: కోల్ట్ 1851 నేవీ, 1860 ఆర్మీ ఒక వైపు, రెమింగ్టన్ న్యూ మోడల్ ఆర్మీ, అంటే అందరూ 1858 అని పిలిచేది, ఇంకో వైపు. అందం కోల్ట్‌ది, అందులో డౌట్ లేదు. కానీ దానికి సిలిండర్ పైన పట్టీ ఉండదు, వెనక సైట్ అంటే హ్యామర్ మీద ఒక గాటు, అంతే, పైగా పేలిన క్యాప్ (మందుకి నిప్పంటించే చిన్న లోహపు టోపీ) ముక్కలు మెకానిజంలో పడి ఇరుక్కుంటాయి. రెమింగ్టన్‌కి పైన పట్టీ ఉంది, గట్టిగా ఉంటుంది, సిలిండర్ తియ్యడం కూడా తేలిక. టార్గెట్ కోసమే అయితే రెమింగ్టన్ .44 తీసుకోండి, ఇందులో నాకు రెండో ఆలోచన లేదు. ఫిక్స్‌డ్ సైట్లవి 25 మీటర్లలో పైకి కొట్టడం మామూలే, ముందు సైట్ కాస్త పొడవైంది వేయించుకుంటే సరిపోతుంది, లేదా అడ్జస్టబుల్ సైట్ల టార్గెట్ మోడల్ కొనొచ్చు.

రూగర్ ఓల్డ్ ఆర్మీ అని ఇంకోటి ఉంది, 1972 నుంచి 2008 దాకా అమెరికాలో చేశారు, స్టెయిన్‌లెస్‌లో కూడా వచ్చింది. చాలా గట్టి తుపాకీ, స్టెయిన్‌లెస్ కాబట్టి తుప్పు భయం తక్కువ, కన్వర్షన్‌కీ రెప్లికాకీ మధ్యలో ఉండేదేదైనా ఉందంటే ఇదే. ఇప్పుడు తయారీ లేదు, సెకండ్ హ్యాండ్‌లోనే, ఉన్నవాళ్ళు అంత తేలిగ్గా వదలరు. ఇది ఏ పాత మోడల్‌కీ రెప్లికా కాదు కాబట్టి ఎంఎల్‌ఏఐసీ మ్యాచ్‌లకి ఇది కూడా పనికిరాదు.

లోడింగ్ ఎలా ఉంటుందో ఒకసారి చెప్తా, ఎందుకంటే ఇది నచ్చుతుందా లేదా అనే దాని మీదే అంతా ఉంది. ట్యూబ్‌లోంచి ఛాంబర్‌లోకి మందు. నేరుగా ఫ్లాస్క్‌లోంచి, అంటే మందు డబ్బాలోంచి, పోయరు, లోపల ఎక్కడైనా నిప్పురవ్వ మిగిలి ఉంటే చేతిలో ఫ్లాస్క్ బాంబే. మందు మీద సెమోలినా, అవును, మన ఉప్మా రవ్వే, ఇంగ్లండ్ బ్లాక్ పౌడర్ వాళ్ళందరి పెట్టెలో ఒక రవ్వ డబ్బా ఉంటుంది. టార్గెట్‌కి మందు తక్కువ వేస్తారు కాబట్టి మిగిలిన ఖాళీని రవ్వతో నింపితే గుండు ఛాంబర్ మూతి దగ్గరికి వస్తుంది, గ్రూప్ బాగుంటుంది. దాని మీద గుండ్రటి సీసం గుండు పెట్టి ర్యామర్ లివర్ దించితే, గుండు ఛాంబర్ కంటే వెంట్రుకంత పెద్దది కదా, అంచు దగ్గర సన్నగా ఉంగరం లాంటి సీసం ముక్క తెగి బయట మిగులుతుంది. ఆ ఉంగరం చుట్టూ పూర్తిగా వచ్చిందంటే గుండు బిగుతుగా కూర్చున్నట్టు. పైన గ్రీజు రాస్తారు, పక్క ఛాంబర్లకి నిప్పు పాకకుండా. అన్నీ అయ్యాక, ఫైరింగ్ పాయింట్ దగ్గర తుపాకీ టార్గెట్ వైపు పెట్టి, చివర్లో మాత్రమే క్యాప్‌లు. ఇదంతా చదువుతుంటే మీకు విసుగు పుట్టిందా, ఉత్సాహం పుట్టిందా? జవాబు అక్కడే ఉంది.

క్లీనింగ్ గురించి అబద్ధం చెప్పను. బ్లాక్ పౌడర్ అంటే సురేకారం 75 పాళ్ళు, బొగ్గు 15, గంధకం 10, అది కాలాక మిగిలే మసి గాల్లో తేమ పీల్చుకుని ఉక్కుని తినేస్తుంది. బ్రిటన్ వాతావరణంలో రేపు చూద్దాంలే అంటే బ్యారెల్ లోపల ఎర్రగా మొదలైపోతుంది. వేడి నీళ్ళు, గిన్నెలు తోమే లిక్విడ్, బ్రష్, తర్వాత బాగా ఆరబెట్టి నూనె. కుళ్ళిన కోడిగుడ్డు వాసన ఇల్లంతా పడుతుంది, వంటగది సింక్‌లో చేశారంటే ఇంట్లో జరిగే యుద్ధానికి ఏ ప్రూఫ్ హౌస్ ముద్రా కాపాడదు, పెరట్లో బకెట్ పెట్టుకోండి.

మందు కొనడానికీ ఇంట్లో పెట్టుకోడానికీ పోలీసుల దగ్గర ఎక్స్‌ప్లోజివ్స్ సర్టిఫికెట్ తీసుకోవాలి, గదులుగా విడదీసిన చెక్క పెట్టెలో దాచాలి. ఎఫ్‌ఏసీతో పాటే అప్లై చేస్తే ఒకే ఇన్‌స్పెక్షన్‌లో పని అయిపోతుంది. ఇంకొక్కటి, ప్రాణాల మీదకి వచ్చేది కాబట్టి విడిగా చెప్తున్నా: బ్లాక్ పౌడర్ రివాల్వర్‌లో నైట్రో పౌడర్ ఎంత కొంచెమైనా వెయ్యకూడదు. ఆ ఒత్తిడికి అది కట్టింది కాదు, సిలిండర్ పగిలిపోతుంది. కన్వర్షన్‌నీ దీన్నీ రెండూ పెట్టుకునేవాళ్ళు రెండు మందులూ ఒకే రోజు ఒకే టేబుల్ మీద పెట్టకపోవడం మంచిది.

సింగిల్ షాట్ పెర్కషన్

పెర్కషన్ అంటే హ్యామర్ క్యాప్ మీద కొట్టి మందు అంటించే పద్ధతి. దీని గురించి కొద్దిగానే చెప్తా. స్కోర్ మీదే ధ్యాస ఉన్నవాళ్ళకి, ఎంఎల్‌ఏఐసీ మ్యాచ్‌లు ఆడాలన్న కోరిక ఉన్నవాళ్ళకి రివాల్వర్ కంటే ఇదే బెటర్. పెడెర్సోలీ వాళ్ళ లెపాజ్, కుచెన్‌రాయిటర్ మోడళ్ళు ఈ కోవలోవి. మ్యాచ్ ఫార్మాట్ 30 నిమిషాల్లో 13 షాట్లు, అందులో మంచివి 10 లెక్క, కాబట్టి స్పీడ్ సమస్యే కాదు, నిదానం అందరికీ సమానమే. ఒక్క బ్యారెల్, ఒక్క ట్రిగ్గర్, ఆరు ఛాంబర్ల మధ్య తేడాలుండవు. సరదాకి డబ్బాలు కొడదాం అనుకునేవాళ్ళకి మాత్రం ఇది బోర్ కొట్టేస్తుంది.

లాంగ్ బ్యారెల్ తుపాకీలు

ఇవి చూడ్డానికి వింతగా ఉంటాయి, మొదటిసారి చూసి నవ్వనివాళ్ళు తక్కువ. 30 సెంటీమీటర్ల బ్యారెల్, మొత్తం 60 రావాలి కాబట్టి పిడి వెనక నుంచి మోచేతి వైపు ఒక కమ్మీ పొడుచుకొచ్చి ఉంటుంది. చట్టం కొలత తీర్చడానికి పెట్టిందే అది, అయినా కొందరు ముందు బరువుకి బ్యాలెన్స్‌గా వాడుకుంటారు. రివాల్వర్ రకం .357, .38 లాంటి మామూలు కార్ట్రిడ్జ్‌లు తీసుకుంటుంది, అంటే వెనక నుంచి చకచకా లోడింగ్. సెమీ ఆటోమేటిక్ కావాలంటే .22 రిమ్‌ఫైర్‌లో మాత్రమే, బ్రౌనింగ్ బక్‌మార్క్ లాంటివి ఆ కొలతలకి చేసి అమ్ముతారు.

కన్వర్షన్‌కి సరిగ్గా తిరగేసిన బేరం ఇది. అక్కడ ఫీల్ ఉంటుంది, స్పీడ్ ఉండదు. ఇక్కడ స్పీడ్ ఉంటుంది, ఫీల్ ఉండదు. టైమ్ పెట్టి ఆడే గ్యాలరీ పోటీలు మీ లక్ష్యం అయితే, బిస్లీ షూటింగ్ కేంద్రంలో ఎన్‌ఆర్‌ఏ (బ్రిటన్ నేషనల్ రైఫిల్ అసోసియేషన్) నడిపే వాటిలో వీటికి సొంత క్లాసులు ఉన్నాయి, ఇంక వేరే ఆలోచన అనవసరం. ఖర్చు కోణంలో కూడా .22 గుళ్ళే చవక, ప్రాక్టీస్ కావాల్సినంత చెయ్యొచ్చు. నాకైతే రివాల్వర్ రకం కంటే .22 పిస్టల్ రకమే డబ్బుకి న్యాయం చేస్తుందనిపిస్తుంది. .357 రకంలో గుండు ఖర్చు, ఆ ముందు బరువు రెండూ కలిసి మణికట్టుని తొందరగా అలసిపోయేలా చేస్తాయి.

ఎయిర్ పిస్టల్, దీన్ని తీసిపారెయ్యకండి

గుండు బయటికొచ్చే శక్తి 6 ఫుట్ పౌండ్లు, అంటే సుమారు 8.1 జౌల్స్ దాటకపోతే ఇంగ్లండ్, వేల్స్‌లో సర్టిఫికెట్ అక్కర్లేదు, 18 ఏళ్ళు నిండి ఉంటే చాలు. అది దాటితే మాత్రం మళ్ళీ నిషేధిత ఆయుధమే, కాబట్టి స్ప్రింగ్ మార్చి పవర్ పెంచే తెలివితేటలు వద్దు. స్కాట్లాండ్‌లో 2016 డిసెంబర్ 31 నుంచి ఎయిర్ వెపన్‌కి కూడా సర్టిఫికెట్ కావాలి, ఎడిన్‌బరో గ్లాస్గోల్లో ఉన్నవాళ్ళు ఇంగ్లండ్ ఫ్రెండ్ మాట విని కొనేసి ఇరుక్కోవద్దు. నార్తర్న్ ఐర్లండ్ లెక్క పూర్తిగా వేరు, అక్కడ 1997 నిషేధం లేదు, సర్టిఫికెట్ మీద కార్ట్రిడ్జ్ పిస్టల్ కూడా ఇస్తారు, బెల్‌ఫాస్ట్‌లో ఉంటూ కన్వర్షన్ కొనడంలో అర్థం లేదు.

ఎవరికి ఏది

స్టూడెంట్ వీసా మీదో, ఉద్యోగంలో కొత్తగా చేరో వచ్చినవాళ్ళకి: ఎఫ్‌ఏసీకి ఇద్దరు రిఫరీలు, అంటే మీ గురించి చెప్పేవాళ్ళు, కావాలి, వాళ్ళకి మీరు కనీసం రెండేళ్ళుగా తెలిసుండాలి, కుటుంబ సభ్యులు పనికిరారు. మీ జీపీ (ఫ్యామిలీ డాక్టర్) నుంచి మెడికల్ సమాచారం వెళ్ళాలి, గోడకి బిగించిన స్టీల్ క్యాబినెట్ కావాలి, అద్దె ఇంట్లో ఓనర్ గోడకి డ్రిల్ ఒప్పుకోవాలి. వచ్చిన ఏడాదిలో ఇవన్నీ కుదరవు, కాబట్టి మ్యాచ్ ఎయిర్ పిస్టల్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో తీసుకుని 10 మీటర్ల క్లబ్‌లో చేరండి. ఈలోగా మజిల్ లోడింగ్ అప్రూవల్ ఉన్న క్లబ్‌లో కూడా ప్రొబేషన్ మొదలెట్టండి, అది కనీసం 3 నెలలు ఎలాగూ ఉంటుంది, ఆ టైమ్‌లో క్లబ్ తుపాకీలతో అన్నీ పట్టి చూసే అవకాశం వస్తుంది. ఇండియాలో ఎన్‌సీసీలోనో అకాడెమీలోనో షూటింగ్ చేశామని ప్రొబేషన్ మినహాయిస్తారనుకోకండి.

పిల్లలు, శనివారం డాన్స్ క్లాసు, ఆదివారం గుడి, మధ్యలో దొరికే రెండు గంటలు షూటింగ్ అనే గృహస్థులకి: మీ శత్రువు క్లీనింగ్. ఇండోర్ రేంజ్ దగ్గర్లో ఉంటే .22 లాంగ్ బ్యారెల్. లోడింగ్ తంతు ఇష్టమే గానీ ఇంటికొచ్చాక బకెట్ పెట్టుకు కూర్చోలేను అంటే, ఇదిగో, సరిగ్గా మీలాంటివాళ్ళ కోసమే ఉంది కన్వర్షన్. అది ఎక్కువ డబ్బు అడుగుతుంది, కానీ ఎందుకు అడుగుతుందో తెలిసి ఇచ్చినప్పుడు బాధ ఉండదు.

చరిత్ర పిచ్చి, చేతి పని పిచ్చి ఉన్నవాళ్ళకి బ్లాక్ పౌడర్ రెమింగ్టన్, మారు మాట లేదు. అమెరికా సివిల్ వార్ కాలం నాటి పద్ధతి మీ చేతుల్లో జరుగుతుంది, సీసం కరిగించి గుళ్ళు పోసుకోవడం దాకా వెళ్ళొచ్చు. ఎంఎల్‌ఏజీబీ అని 1952 నుంచి ఉన్న మజిల్ లోడర్ల సంఘం ఉంది, వాళ్ళ బ్రాంచ్ మీటింగ్‌కి ఒకసారి వెళ్తే సగం సందేహాలు అక్కడే తీరతాయి.

అసలు పాత వెబ్లీ (పాత బ్రిటిష్ కంపెనీ) లాంటి కార్ట్రిడ్జ్ రివాల్వర్ చరిత్ర కోసమే కావాలి అనేవాళ్ళకి 1919కి ముందు చేసినవాటికి 1997 చట్టంలో సెక్షన్ 7 అనే దారి ఉంది, వాటిలో కొన్ని బిస్లీ లాంటి నిర్ణీత చోట్లే ఉంచి అక్కడే పేల్చాలి. అది కలెక్టర్ల దారి, మొదటి తుపాకీకి కాదు.

కొనే ముందు

2025 ఫిబ్రవరిలో కొత్తగా తీసుకునే ఎఫ్‌ఏసీ ఫీజు 88 నుంచి 198 పౌండ్లకి పెంచారు, సర్టిఫికెట్ 5 ఏళ్ళు ఉంటుంది, కాబట్టి మొదటి అప్లికేషన్‌లోనే ఏమేం కావాలో ఆలోచించి రాయండి. మజిల్ లోడింగ్ రివాల్వర్ ఒకటి, .22 లాంగ్ బ్యారెల్ ఒకటి, రెండూ క్లబ్‌లో నిజంగా వాడతారని సెక్రటరీ చెప్పగలిగితే అడగడంలో తప్పు లేదు. తర్వాత ఒకటి అమ్మి దాని బదులు అదే రకంది ఇంకోటి తీసుకోవడం సులువు, కొత్త రకం స్లాట్ పెంచుకోవడానికే మళ్ళీ తిరగాలి.

సెకండ్ హ్యాండ్ కన్వర్షన్ దొరికితే నాలుగు చూడండి. బ్యారెల్ మీదా సిలిండర్ మీదా నైట్రో ప్రూఫ్ ముద్రలు రెండూ ఉన్నాయా. అమ్మేవాళ్ళ సర్టిఫికెట్ మీద అది మజిల్ లోడింగ్ రివాల్వర్ అనే రాసి ఉందా, స్పేర్ సిలిండర్ ఉంటే అది కూడా ఎక్కిందా. లోడింగ్ స్టాండ్, పేలిన ప్రైమర్లు తీసే టూల్ కలిపి ఇస్తున్నారా, అవి విడిగా దొరకడం కష్టం. మందు కట్టు రాసిన తయారీదారు షీట్ ఉందా. చేతులు మారేది ఎదురెదురుగానే, మీ సర్టిఫికెట్ మీద ఎంట్రీ పడాలి, ఇద్దరూ 7 రోజుల్లో పోలీసులకి చెప్పాలి. ఆ షీట్ పోయింది, నేను ఎంత వేసేవాడినో నోటితో చెప్తాలే అన్నారంటే మాత్రం ముందు చేసినవాళ్ళకి సీరియల్ నంబర్ చెప్పి కొత్త షీట్ తెప్పించుకోండి, అది వచ్చేదాకా అడ్వాన్స్ ఇవ్వద్దు.